గీజరు ఎన్ని లీటర్లని అడిగే దుర్మార్గులు

అరకులోయలో హోమ్‌స్టేలు, విల్లాలు నడిపేవారి కష్టం లోకానికి పట్టడం లేదు. డిసెంబరు వచ్చిందంటే చాలు, పిల్లల్ని వెంటేసుకుని కుటుంబాలు దిగిపోతాయి. దిగి ఊరుకుంటే బాధ లేదు. అద్దెకిచ్చిన ఇంట్లో స్నానం చేస్తామంటారు, వండుకుంటామంటారు, రాత్రయ్యాక నిద్ర కూడా పోతామంటారు. యజమాని ఫొటోల్లో చూపించినవి పరుపు మీద తువ్వాలుతో చుట్టిన హంస, వరండాలో ఉయ్యాల, కొండ మీద మబ్బు. ఆ మూడూ అక్కడ ఉన్నాయి. ఇక గొడవ దేనికి?

వీళ్లలో కొందరు మరీ తెగించారు. డబ్బు కట్టకముందే ఫోన్ చేసి "గీజరు ఎన్ని లీటర్లండీ?" అని అడుగుతున్నారు. ‘హాట్ వాటర్ 24 అవర్స్’ అని అంత స్పష్టంగా రాసి ఉంటే మళ్లీ లీటర్లెందుకు? ఎందుకంటే వీళ్లు లెక్క కట్టుకుని వస్తారు. 15 లీటర్ల గీజరు, 2000 వాట్ల కాయిల్. లోపలికొచ్చే నీళ్లు 15 డిగ్రీలు, కాగేది 60 దాకా. చన్నీళ్లు కలిపి ఒంటికి పట్టే 40 డిగ్రీలకు తెస్తే వచ్చేవి 27 లీటర్లు. ఒక్కో ట్యాంకు కాగడానికి 24 నిమిషాలు. అమ్మమ్మతో కలిపి ఆరుగురు, తలా ఒక 20 లీటర్ల బకెట్టు అంటే గంటా ముప్పావు. అదీ ఓల్టేజీ 230 ఉన్నప్పటి మాట. 180కి పడితే కాయిల్ వేడి అయిదింట మూడు వంతులకు దిగి, అదే పని మూడు గంటలకు దగ్గరపడుతుంది. కరెంటే పోతే? ‘పవర్ బ్యాకప్ ఉందండీ’ అంటాడు యజమాని. అబద్ధం కాదు. వెయ్యి వీఏ ఇన్వర్టరు లైట్లకీ ఫ్యాన్లకీ ఉంది, గీజరును మాత్రం మోయలేదు. పది డిగ్రీల చలిలో ఫ్యాన్లు ఆగకుండా తిరుగుతాయి కదా, ఇంకేం కావాలి?

ఈ లెక్క తెలిసిన తల్లులు పిల్లలకు రాత్రి ఏడింటికే స్నానం చేయించేసి, పొద్దుటి గీజరును పెద్దవాళ్లకు వదిలేస్తున్నారు. చూడండి ఎంత కుట్రో!

వంటగది సంగతి వేరే చెప్పాలి. ‘ఫుల్లీ ఎక్విప్డ్ కిచెన్’ అన్నారు, ఇండక్షన్ పొయ్యి ఉంది, కుక్కరూ ఉంది. ఆ కుక్కరు అల్యూమినియంది కనక ఆ పొయ్యి మీద చచ్చినా వేడెక్కదు. అడుగున అయస్కాంతం అంటుకునే గిన్నె అయితేనే ఇండక్షన్‌కి పనికొస్తుంది. అయితే ఇందులో తప్పెవరిది? పొయ్యి ఉందన్నారు, కుక్కరు ఉందన్నారు, ఆ రెండింటికీ పొత్తు కుదిరిందని ఎక్కడా అనలేదు. గ్యాసు పొయ్యి ఉన్నచోట కుక్కరుకు వెయిట్ కనపడదు. కనపడితే గాస్కెట్ సాగిపోయి ఆవిరంతా పక్కలనుంచి పోతుంది, విజిల్ రాదు, పప్పు ఉడకదు. అందుకని కొందరు అడుగు ఇండక్షన్‌కి పనికొచ్చే మూడు లీటర్ల స్టీలు కుక్కరు, చాకు, లైటరు, పాలు కాచుకునే గిన్నె సంచిలో వేసుకొస్తున్నారు. చిన్న డబ్బాల్లో ఉప్పు, పసుపు, ఇంగువ సైతం! విల్లాలో పోపు వాసన వచ్చాక ఇక దాని హోదా ఏం కాను? కేర్‌టేకరు వండిపెడతాడు కదా అనవచ్చు. పెడతాడు, బొంగు చికెన్ బ్రహ్మాండంగా చేస్తాడు. నాలుగేళ్ల పిల్ల ఆ కారం తినలేకపోతే అది కోడి తప్పు కాదు.

విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కినవాళ్లు పదకొండుకి అటూ ఇటూగా అరకులో దిగుతారు. చెక్-ఇన్ ఒంటిగంటకు. ఈలోగా పిల్లలు గేటు బయట ప్రకృతిని ఆస్వాదించవచ్చు. కారులో వచ్చినవాళ్ల పిల్లలు అనంతగిరి ఘాట్ మలుపుల్లోనే ఇడ్లీలు కక్కేసి ఉంటారు. ఉతికిన చొక్కా ఆ మంచు తేమకు మర్నాటికీ ఆరదని, గదిలో కట్టుకోడానికి తాడూ క్లిప్పులూ తెచ్చుకునేవాళ్లున్నారు. ఇంటీరియర్ డిజైన్ మీద గౌరవం లేనివాళ్లు.

అయిదేళ్లలోపు పిల్లలకు ఉచితం అన్న నియమం వల్ల, బడిలో రెండో తరగతి చదివే పిల్లలు గేటు దగ్గరికి రాగానే నాలుగున్నరేళ్లవాళ్లయిపోతున్నారు. నిజం చెప్పి డబ్బు కట్టినవారికి ‘ఎక్స్‌ట్రా బెడ్’ ఇస్తారు. అంటే మంచం కాదు, నేలమీద వేసే రెండంగుళాల పరుపు. దొర్లే పిల్లలకు నిజానికి అదే మంచిది, ఎత్తు మంచం మీంచి పడే భయం ఉండదు. ఈ మేలు యజమాని తెలియక చేశాడు కాబట్టి చార్జీ తీసుకోవడంలో తప్పు లేదు.

ఇక పసివాళ్ల ప్రాణాల గురించి పెద్దలు పడే అతి ఆత్రుత. బాల్కనీ రెయిలింగు కమ్మీలు అడ్డంగా ఉంటే పిల్లలకు నిచ్చెనవుతుందట, నిలువుగా ఉన్నా నాలుగంగుళాలు మించిన సందులో తల ఇరుక్కుంటుందట. బాత్రూము గడియ పిల్లవాడికి అందే ఎత్తులో ఉంటే లోపల వేసేసుకుంటాడని, తలుపు పూర్తిగా మూసుకోకుండా పైఅంచున తువ్వాలు వేలాడదీస్తారు. పాపం ఆ హంసను విప్పేది ఇందుకే. గాజు తలుపుకు పిల్లల కళ్ల ఎత్తున రంగు టేపు అంటిస్తారు. ‘కిడ్స్ ఫ్రెండ్లీ పూల్’ లోతు నాలుగడుగులు, అయిదేళ్ల పిల్లవాడి ఎత్తు మూడున్నర. మిగిలిన అరడుగు దగ్గర స్నేహం ఎలా కుదురుతుందో ఆ బోర్డు రాసినవారికే తెలియాలి. గేటుకి తాళం లేకపోతే ఆ గదే వద్దనేవాళ్లను ఏ భాషలో తిట్టాలి?

చివరికి, మరక పడితే కోత పడే అడ్వాన్సు డిపాజిట్టు. తెల్లటి దుప్పట్లు వేసింది పప్పన్నం తిన్న చేతుల కోసం కాదు. పసుపు మరక పడగానే సబ్బు రుద్దితే అది ఎర్రబడుతుంది, కేర్‌టేకరు దాన్ని రక్తమనుకుని యజమానికి ఫోన్ చేస్తాడు. కంగారుపడకుండా నీళ్లతో జాడిస్తే మళ్లీ పసుపు రంగుకొస్తుంది, ఎండలో వేస్తే వెలిసిపోతుంది. అయితే అరకులో మంచు విడిచి ఎండ కాసేసరికి తొమ్మిదో పదో అవుతుంది, ఖాళీ చేయాల్సింది పదకొండుకి. కాబట్టి పప్పు మొదటి రోజే తినిపించెయ్యండి. ఆఖరి రాత్రి పెరుగన్నం.