చలానా వేరు, సమన్లు వేరు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో హెల్మెట్ లేకుండా దొరికితే వెయ్యి రూపాయల చలానా. ఫోన్‌లో కట్టేస్తే కోర్టు పని ఉండదు. పోలీసులు రాసింది తప్పు అనుకుంటే దాన్ని సవాలు చేసే హక్కూ ఉంది. అదే కూడలిలో రాత్రి బ్రీత్ ఎనలైజర్ ఊది, 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటినట్టు తేలితే లెక్క మారిపోతుంది. అది చలానాతో తెగే కేసు కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద మెజిస్ట్రేట్ ముందుకు వెళ్లాల్సిందే. మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు గానీ, 10 వేల రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

ఈ తేడా తెలియక ఎక్కువగా నష్టపోయేది వలస కుటుంబాలే. పండక్కి ఊరొచ్చి పట్టుబడిన కుర్రాడు వాయిదా నాటికి చెన్నైలోనో హైదరాబాద్‌లోనో కట్టడం పనిలో ఉంటాడు. గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోటెక్కిన మత్స్యకారుడికైతే కబురందడమే కష్టం. కోర్టుకు రమ్మంటూ ఇంటికొచ్చిన సమన్లు తల్లి తీసుకుని, మడతపెట్టి రేషన్ కార్డుతో పాటు ట్రంకు పెట్టెలో దాస్తుంది. అందులో ఏముందో ఆమెకెవరూ చదివి చెప్పరు. సమన్లు ఎలా అందించాలో చెప్పే పాత నేర విచారణ చట్టం (సీఆర్‌పీసీ)లో మనిషి ఇంట్లో లేకపోతే కుటుంబంలోని పెద్ద మగవారికే సమన్లు ఇవ్వాలని ఉండేది. దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ఆ షరతు తీసేసింది. ఆమె తీసుకున్నా కొడుక్కి అందినట్టే లెక్క. వాయిదాకు రాకపోతే వారెంట్ రావచ్చు. కట్టేస్తే పోయేదనుకున్న కేసుకు పోలీసులు గుమ్మంలోకి వస్తే ఆ ఇంట్లో ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు.

పిల్లలకు బండి తాళాలిచ్చే తండ్రులూ వినాలి. మైనర్ నడుపుతూ దొరికితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 199ఎ కింద కేసు పెద్దల మీదా పడుతుంది. మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా.

అదే చట్టంలో వెసులుబాటు లేకపోలేదు. సెక్షన్ 208 ప్రకారం కొన్ని చిన్న కేసుల్లో లాయరు ద్వారా హాజరు కావచ్చు, లేదా నేరం ఒప్పుకుంటూ రిజిస్టర్డ్ ఉత్తరం రాసి జరిమానా పంపవచ్చు. లాయరును పెట్టుకునే స్తోమత లేదని భయపడనక్కర్లేదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా సాయం చేస్తుంది. 15100కు ఫోన్ చేస్తే చాలు.

పోలీసు శాఖను మేము కోరేది పెద్ద పనేమీ కాదు. బండి ఆపిన చోట ఇచ్చే కాగితం మీదే ఏ కోర్టు, ఏ తేదీ, స్వయంగా రావాలా, లాయరు వస్తే సరిపోతుందా అన్నది తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. సమన్లు తెచ్చిన కానిస్టేబుల్ సంతకం చేయించుకునే ముందు ఆ తల్లికి ఒకసారి చదివి వినిపించాలి. కొడుకు ఫోన్ నంబరు అడిగి, వాయిదా తేదీ అతనికీ చెప్పాలి.