వారానికి ఒక్కటి

కిందటేడు వేసవిలో మా నాన్నగారు ఉన్నట్టుండి అన్నం సరిగా తినడం మానేశారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి. దాహం దాహం అనేవారు, రాత్రి నాలుగైదు సార్లు బాత్రూంకి లేచేవారు. ఎండలు కదా, అందుకే అనుకున్నాం. ఒకరోజు పొద్దున్న నన్ను మా మేనత్త పేరు పెట్టి పిలిచారు. పక్షవాతమేమోనని హడలిపోయి ఆసుపత్రికి పరుగెత్తాం. స్కానింగ్‌లో ఏమీ లేదు. రక్తంలో క్యాల్షియం మాత్రం బాగా పెరిగిపోయి, కిడ్నీల మీద దెబ్బ పడింది. "ఇంట్లో ఏమేం వేసుకుంటున్నారో అన్నీ తెచ్చి చూపించండి" అన్నారు డాక్టరుగారు.

మందుల డబ్బాలో దొరికాయి, విటమిన్ డి పొడి సాచెట్లు. ఒక్కొక్కటి 60,000 యూనిట్లు. మనిషికి రోజుకు కావలసింది మామూలుగా 600. అంటే ఒక్క సాచెట్‌లో నూరు రోజులకు సరిపడా ఉంటుంది. వారానికి ఒక్కటి చొప్పున కొన్ని వారాలు తాగమని డాక్టరు చీటీ మీద ఇంగ్లీషులో రాసి ఉంది. నాన్నగారు దాదాపు రెండు నెలలు రోజూ పాలల్లో కలుపుకొని తాగారు. ఒంట్లో ఎక్కువైతే మూత్రంలో పోయే విటమిన్ కాదది, కొవ్వులో పేరుకుపోతుంది. అయిపోయినప్పుడల్లా ఆయనే వెళ్లి కొనుక్కొచ్చేవారు. రోజూ వేసుకోవచ్చా అని షాపులో అడిగారట కూడా. "బలానికే కదా బాబాయ్, ఏం కాదు" అన్నారట.

ఈ "బలానికే కదా" అన్న మాట గురించే ఇదంతా రాస్తున్నాను.

మాది భీమవరం. మా ఊళ్లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి చిన్నప్పుడు బళ్లో చెబితే గొప్పగా అనిపించేది గానీ, ఆయన చేసిన పని ఏమిటో నాన్నగారి జబ్బు తర్వాతే కూర్చుని చదివాను. సుబ్బారావుగారి అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటపట్టక, విరేచనాలతో మనిషి కృశించిపోయే జబ్బు అది. ఆయనకూ వచ్చింది, ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో బతికారు. తర్వాత అమెరికా వెళ్లారు. 1940లలో లెడర్లీ అనే మందుల కంపెనీలో ఆయన నడిపిన బృందమే ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్‌ను తయారుచేసింది. స్ప్రూ రోగులకు పనికొచ్చిన మందు అది. అంతకు పదిహేనేళ్ల ముందు బొంబాయిలో లూసీ విల్స్ అనే వైద్యురాలు బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల రక్తహీనతను ఈస్ట్ సారంతో తగ్గించారు. అందులో ఉన్నదేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. అదీ ఫోలిక్ యాసిడే అని తర్వాత తేలింది. పాలిష్ బియ్యం తిన్నవాళ్లకు నరాలు, గుండె దెబ్బతినే బెరిబెరి, మన దక్కనులో జొన్న మీదే బతికిన పేదలకు చర్మం పాడయ్యే పెల్లాగ్రా. విటమిన్ల చరిత్ర ఎక్కడ తిరగేసినా ఇలాగే ఉంటుంది. ఒక లోపం, దానితో చచ్చిపోతున్న మనుషులు, ఆ లోపం ఏమిటో వెతికి పట్టుకున్న ఒకరిద్దరు. 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో బెరిబెరి పరిశోధనగా మొదలైన సంస్థే ఇవాళ మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ.

ఇక్కడే ఇంకో సంగతి ఉంది, నన్ను కుదిపేసింది అదే. కొత్తగా వచ్చిన ఈ ఫోలిక్ యాసిడ్ రకాలను సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు బోస్టన్‌లో లుకీమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గడం మాట అటుంచి, ఇంకా వేగం పుంజుకుంది. అలాగైతే దీన్ని అడ్డుకునే మందు కావాలనుకున్నారు. అమినోప్టెరిన్ అనే ఆ మందును తయారుచేసి ఇచ్చింది కూడా సుబ్బారావుగారి బృందమే. పిల్లల లుకీమియా తాత్కాలికంగానైనా మొదటిసారి వెనక్కి తగ్గింది దానితోనే. లోపమున్న తల్లికి ప్రాణం పోసిన విటమినే క్యాన్సర్ ఉన్న బిడ్డకు కీడు చేసింది. 1940లలోనే తెలిసిన సంగతి ఇది. ఇవాళ్టికీ మనం "విటమిన్ కదా, మంచిదే" అంటున్నాం.

1994లో ఫిన్లాండ్‌లో పొగతాగేవాళ్లకు, ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ బిళ్లలు ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఇంకా ఎక్కువైంది. సరిగ్గా అదే ఏడాది అమెరికాలో సప్లిమెంట్ల చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం అమ్మకానికి పెట్టేముందు ఆ సరుకు పనిచేస్తుందని ప్రభుత్వానికి రుజువు చూపించి అనుమతి తెచ్చుకోనక్కర్లేదు. డల్లాస్ నుంచీ న్యూజెర్సీ నుంచీ మనవాళ్లు సూట్‌కేసుల్లో ప్రేమగా మోసుకొచ్చే పెద్ద పెద్ద డబ్బాలు ఆ చట్టం కింద తయారైనవే. అమెరికా డబ్బా కాబట్టి పరీక్షించే ఉంటారని మా ఇంట్లో అందరం నమ్మాం. జుట్టుకని బయోటిన్ అనే బి విటమిన్ వేసుకుంటే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చని, టెస్టుకు ముందు డాక్టరుకు చెప్పాలని ఎంతమందికి తెలుసు? జిమ్‌కెళ్లే కుర్రాళ్ల ప్రోటీన్ పొడులైతే సరేసరి. కండల కోసం వాటి జోలికి పోవద్దని 2024లో తార్నాక సంస్థే తన మార్గదర్శకాల్లో రాసింది. మా వీధిలో ఎవరూ ఆ మాట విన్నట్టు లేరు.

ఇక రెండోవైపు. మా ఇంట్లో పనికి సాయం వచ్చే ఆవిడ కూతురు తొమ్మిదో తరగతి. మెట్లెక్కితే ఆయాసం. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది. బళ్లో వారానికి ఒకటి ఐరన్ బిళ్ల ఇస్తారు కదమ్మా అంటే, "పారేస్తాం ఆంటీ, కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా వస్తుంది" అంది. అన్నం తిన్నాక వేసుకోవాలనీ, నలుపు రావడం మామూలేననీ, వెంటనే టీ తాగకూడదనీ, నిమ్మకాయ నీళ్లు మంచివనీ ఆ పిల్లలకు కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఈ దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత. రేషన్ బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజల్ని వందకి ఒకటి చొప్పున కలిపితే, ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసినవాళ్లను మా ఊళ్లోనే చూశాను. వాళ్లను నేను తప్పుపట్టను. చెప్పకుండా కలిపితే ఎవరికైనా అనుమానమే. (తలసేమియా, సికిల్ సెల్ లాంటి వంశపారంపర్య రక్త జబ్బులున్నవాళ్లు అనుమానముంటే డాక్టరును అడగడం మంచిది.)

రేపు జన్యువులు చూసి ఎవరికి తగ్గ పొట్లం వాళ్లకు ఇస్తారట, యాప్ చెప్పినట్టు గమ్మీలు (నమిలే విటమిన్ మిఠాయిలు) ఇంటికి వస్తాయట. రానివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. శాకాహారులకు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగర్ రోగులకు బి12 చూసుకోవడం నిజంగా అవసరమే. గర్భం దాల్చకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే బిడ్డ వెన్నెముక లోపాలు చాలావరకు తప్పుతాయి. కానీ ఆ పొట్లాలు కూడా ఏ లోటూ లేని ఇళ్లకే చేరితే సుబ్బారావుగారి పని ఏ దారిన మొదలైందో మనం పూర్తిగా మరిచిపోయినట్టే.

నేను అడిగేది చాలా చిన్నది. 60,000 యూనిట్ల సాచెట్ మీద "వారానికి ఒక్కటే" అని తెలుగులో, కళ్లజోడు లేకుండా కనబడేంత అక్షరాలతో రాయండి. చీటీ లేకుండా ఇవ్వకండి. బళ్లో బిళ్ల ఇచ్చే రోజు ఆ పిల్లలకు అన్నం పెట్టాకే ఇచ్చి, మింగేదాకా పక్కన నిలబడండి. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇవాళే వాళ్ల మందుల డబ్బా తెరిచి, ఏది ఎన్నిసార్లు వేసుకుంటున్నారో అడగండి.

నాన్నగారికి క్యాల్షియం మామూలుకు రావడానికి మూడు నెలలు పట్టింది. కిడ్నీ పరీక్ష ఇప్పటికీ నెలనెలా చేయిస్తున్నాం. ఆ పిల్లకు హిమోగ్లోబిన్ పదిన్నరకు వచ్చింది.