కొడుకు దగ్గరుంటే ఏకాకి కానట్టేనా?

వాట్సాప్‌లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: పెద్దవాళ్ళు సమాజానికి దూరమవడం విదేశాల జబ్బు, మన దగ్గర అమ్మానాన్నలు పిల్లల దగ్గరే ఉంటారు, పింఛను ఇంటికే వస్తోంది, ఇక సర్వేలెందుకు, పలకరిస్తే వాళ్ళే చెబుతారు. విజయవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో దీనికి అందరూ దణ్ణాలు పెడుతున్నారు. నాకు మాత్రం చదివిన ప్రతిసారీ బాధేస్తోంది.

ముందు పిల్లల దగ్గరే ఉంటారన్న మాట. నిజమే, మన దగ్గర ఒంటరిగా కాపురముండే వృద్ధులు తక్కువే. అయితే దివిసీమలో ఇల్లు అమ్మేసి, విజయవాడ పటమటలో కొడుకు ఉండే ఐదో అంతస్తుకు చేరిన పెద్దాయనను ఊహించుకోండి. పొద్దున ఎనిమిదిన్నరకల్లా ఇల్లు ఖాళీ. ఊళ్ళో టీకొట్టు దగ్గర పదిమందితో కూర్చున్నాయనకు ఇక్కడ వాచ్‌మనే దిక్కు.

ఈ దూరాన్ని కొలవడానికి లబ్బెన్ కొలమానం ఉంది. ఆరే ప్రశ్నలు. నెలకొకసారైనా కలిసే, మాట్లాడే బంధువులెందరు? మనసులో మాట చెప్పుకోగలిగినవాళ్ళెందరు? అవసరానికి పిలవగలిగినవాళ్ళెందరు? ఇవే మూడూ మళ్ళీ స్నేహితుల గురించి. ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు, మొత్తం 30. 12 కంటే తగ్గితే ఏకాకి అయ్యే ప్రమాదం ఉన్నట్టు. ఇప్పుడు మన పెద్దాయనకు లెక్క కట్టండి. కొడుకు, కోడలు, ఇద్దరు మనవలు, నలుగురూ ప్రాణంగా చూసుకుంటారనే అనుకుందాం. ముగ్గురు నలుగురు ఉంటే వచ్చేవి 3 మార్కులు. మూడు ప్రశ్నలకు 9. దూరపు చుట్టాలెవరూ ఫోన్ చేయరు, స్నేహితుల వైపు సున్నా. నిండు కుటుంబంలో ఉండి కూడా ఆయన 12కు చేరలేదు.

ఇక పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, ఇంటి దగ్గరే ఇస్తున్నారు. చాలా మంచి పని. కానీ విజయవాడ వన్‌టౌన్ కొండమీది ఇళ్ళలో మోకాళ్ళు పట్టేసిన ముసలమ్మకు డబ్బు మెట్లెక్కి వస్తుంది, ఆమె మాత్రం మెట్లు దిగలేదు. గుడి, ఆస్పత్రి, చెల్లెలి ఇల్లు అన్నీ కిందే. ఆ 4,000 ఎవరి చేతిలో ఉంటుందన్నది మరో ప్రశ్న. బ్రిటన్‌లో 2006లో వృద్ధులు సమాజానికి దూరమవడంపై వచ్చిన ఒక నివేదిక అందుకే బంధాలతో సరిపెట్టుకోకుండా, సేవలు, పరిసరాలు, బ్యాంకు సదుపాయాలు సహా ఏడు వైపుల నుంచి చూసింది. ఇదేదో వాళ్ళ గొడవ అనడానికీ లేదు. మన దేశంలోనే 2017–18లో 45 ఏళ్ళు దాటిన సుమారు 72 వేలమందితో, వయసు మళ్ళినవాళ్ళ స్థితిగతులపై లాసి (LASI) సర్వే జరిగింది.

పలకరిస్తే చెబుతారా? కొడుకు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఏ తల్లయినా "నాకేం తక్కువ నాయనా, మారాణిలా చూసుకుంటున్నారు" అంటుంది. బిడ్డ పరువు ఆమెకు ముఖ్యం. అందుకే విడిగా అడగాలి. బాగున్నారా అని కాదు, ఆఖరిసారి గడప దాటింది ఎప్పుడు, ఎవరితో, ఎందుకు అని అడగాలి.

ఇంటింటికీ పింఛను ఇచ్చే వార్డు సచివాలయ సిబ్బందికి ఈ గడపలన్నీ తెలుసు. ఒకటో తారీఖు పింఛన్ల హడావుడిలో కాకుండా, ఏడాదికి రెండుసార్లు వేరే రోజున వెళ్ళి ఈ ఆరు ప్రశ్నలూ అడిగించాలి. మార్కులు 12కు తగ్గినవాళ్ళ జాబితా వార్డువారీగా రాయాలి.