సస్పెండ్ చేశారు సరే, ఆ క్రిమి ఎటు నుంచి వచ్చింది?

ఆపరేషన్ థియేటర్‌లోనో ఐసీయూలోనో ఇన్ఫెక్షన్ సోకి రోగులు చనిపోతే ఆ తర్వాత ఏం జరుగుతుందో మన జనానికి బాగా అలవాటైపోయింది. బంధువులు ఆస్పత్రి ముందు బైఠాయిస్తారు, మంత్రిగారు పరామర్శకు వస్తారు, విచారణ కమిటీ వేస్తారు, ఒకరిద్దరిని సస్పెండ్ చేసి ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. కానీ ఆ బ్యాక్టీరియా ఎక్కడి నుంచి వచ్చింది, దేన్ని పట్టుకుని ఒక మంచం నుంచి ఇంకో మంచానికి చేరింది అని గట్టిగా అడిగేవాళ్లు తక్కువ. దానికి జవాబు దొరక్కపోతే ఎంతమందిని ఇంటికి పంపినా క్రిమి మాత్రం ఆ ఆస్పత్రిలోనే ఉంటుంది.

వెతకడం అంటే ఎలా ఉంటుందో తెలియాలంటే అమెరికాలో, మేరీల్యాండ్ రాష్ట్రం బెథెస్డాలో ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ ఆస్పత్రిలో 2011లో జరిగింది చూడాలి. ఆ జూన్‌లో న్యూయార్క్‌లోని ఓ ఆస్పత్రి నుంచి ఒక మహిళను అక్కడికి తీసుకొచ్చారు. మందులకు దాదాపు లొంగని క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఆమె ఒంట్లో ఉందని ముందే తెలుసు కాబట్టి విడిగా ఉంచారు, గౌను, గ్లౌజులు లేకుండా ఎవర్నీ దగ్గరికి వెళ్లనివ్వలేదు. నెల రోజులకు ఆమె డిశ్చార్జ్ అయింది. గండం గడిచిందనుకున్నారు. మూడు వారాలు గడిచాక, ఆగస్టులో, ఆమె ఉన్న రోజుల్లో ఆ వార్డులో అసలు లేని మరో రోగిలో అదే బ్యాక్టీరియా బయటపడింది. అక్కడి నుంచి వరసగా ఒకరి తర్వాత ఒకరు. ఏడాది చివరికి 18 మందికి పాకింది, 11 మంది చనిపోయారు, వాళ్లలో ఆరుగురి ప్రాణం తీసింది ఈ ఇన్ఫెక్షనే అని తేల్చారు.

అప్పుడు వాళ్లు ఒక్కో రోగి నుంచి తీసిన బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని పూర్తిగా చదివారు. దాదాపు 60 లక్షల అక్షరాలుండే ఆ క్రమంలో ఒక రోగి క్రిమికీ ఇంకో రోగి క్రిమికీ మధ్య కనిపించిన తేడా కొన్ని అక్షరాలే, కానీ ఆ కొన్నిటినే పట్టుకుని వెనక్కి వెళ్తే అన్ని దారులూ జూన్‌లో వచ్చిన ఆ మహిళ దగ్గరికే చేరాయి. జబ్బు బయటపడిన వరస వేరు, అంటుకున్న వరస వేరు అని కూడా తెలిసింది. కొందరి పేగుల్లో అది ఏ లక్షణమూ లేకుండా వారాల తరబడి ఉండిపోయి, వాళ్లకు జ్వరం రాకముందే పక్కవాళ్లకు పాకింది. అందుకే జ్వరం ఉన్నా లేకపోయినా రోగులందరికీ స్వాబ్ పరీక్షలు చేశారు. శుభ్రం చేసి పక్కన పెట్టిన వెంటిలేటర్ మీద అది దొరికింది. సింకుల డ్రెయిన్లలో దొరికింది. చేతులు కడుక్కునే చోటే దొరికిందంటే ఎంత గుండె జారిపోయి ఉంటుందో చూడండి. సింకు గొట్టాలు పీకించారు, గదులకు హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి పట్టించారు, ఐసీయూలో అడ్డంగా గోడ కట్టించారు, పెద్ద డాక్టరైనా సరే చేతులు కడుక్కోకుండా మంచం దగ్గరికి వెళ్లకుండా చూడ్డానికే మనుషుల్ని నిలబెట్టారు.

ఇంత చేసినవాళ్లు కూడా బయటి ప్రజలకు మాత్రం వెంటనే చెప్పలేదు. 2012 ఆగస్టులో పరిశోధన పత్రం అచ్చయ్యాకే అందరికీ తెలిసింది. దాని మీద విమర్శలు వచ్చాయి, అవి న్యాయమైనవే. అయితే చెప్పిన రోజున ఎవరి నుంచి ఎవరికి, దేని ద్వారా అన్నది బొమ్మ గీసి మరీ చెప్పారు.

క్లెబ్సియెల్లా పేరు మనకూ కొత్త కాదు. 2016లో హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆస్పత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి కళ్లలో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు, కన్ను కడగడానికి వాడిన సెలైన్‌లో ఈ బ్యాక్టీరియానే ఉందని పరీక్షల్లో తేలింది. చూపు బాగవుతుందని వచ్చినవాళ్లలో కొందరికి ఆ కంటి చూపే పోయింది. ఇలాంటప్పుడు విచారణ అంతా ఒక చిన్న పరీక్ష మీద ఆధారపడి ఉంటుంది: అదే బ్యాచ్‌లో సీల్ తీయని సీసాను కూడా ల్యాబ్‌కు పంపారా లేదా? సీల్ తీయని సీసాలోనూ క్రిమి ఉంటే తప్పు తయారీలోనో నిల్వలోనో జరిగింది, తెరిచిన సీసాలో మాత్రమే ఉంటే థియేటర్‌లో జరిగింది.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ఆస్పత్రి సంగతీ అంతే. 2022 ఆగస్టు 25న ఒకే రోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్లు చేశారు, నలుగురు చనిపోయారు. అందరూ చిన్న పిల్లల తల్లులు. ఆ ఆపరేషన్‌లో పొట్టలోకి దించే ల్యాప్రోస్కోప్‌ను ఒక మనిషికి వాడాక మరో మనిషికి వాడేముందు మందు ద్రావణంలో కనీసం 20 నిమిషాలు నానబెట్టాలి. ఒక్క పరికరమే ఉంటే 34 మందికి నానబెట్టడానికే 11 గంటలు దాటుతుంది. మరి ఆ రోజు ఎన్ని పరికరాలున్నాయి, ఒక్కోటీ ద్రావణంలో ఎంతసేపు ఉంది, ఆ టైమ్ ఎవరైనా రాశారా? ఏ విచారణ అయినా ఇక్కడ మొదలవ్వాలి. సూపరింటెండెంట్ సస్పెన్షన్ దీనికి బదులు కాదు.

ఇంకో సంగతి మమ్మల్ని చాలా బాధపెడుతుంది. గొడవ మొదలవగానే థియేటర్‌ను ఫినాయిల్‌తో కడిగేయాలి, ఫ్యూమిగేషన్ చేసేయాలి అన్న తొందర మొదలవుతుంది. శుభ్రం చేయాల్సిందే, కాదనం. కానీ ముందు స్వాబ్‌లు తీయండి. కుళాయి, సింకు డ్రెయిన్, ట్రాలీ పిడి, వెంటిలేటర్ గొట్టం, మత్తు మెషీన్ బటన్లు, వాడిన సెలైన్ అడుగున మిగిలిన నాలుగు చుక్కలు, అన్నిటి నుంచీ తీయండి. క్రిములను పెంచే ల్యాబ్ ప్లేటు మీద రుద్ది ఒక రాత్రి ఇంక్యుబేటర్‌లో ఉంచితే తెల్లారేసరికి క్లెబ్సియెల్లా సాధారణంగా గులాబీ రంగు జిగట చుక్కలై కళ్లముందు కనిపిస్తుంది. ఇది కోట్లు ఖర్చయ్యే పని కాదు, ప్రతి మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ విభాగం ఉంది. జన్యుక్రమం చదవాలంటే హైదరాబాద్‌లోనే జీవకణాల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ సీసీఎంబీ ఉంది. ఒకసారి కడిగేశాక ఏ కమిటీ వచ్చినా అక్కడ దొరికేది ఫినాయిల్ వాసనే. అప్పుడు నేరం అంతా తేలిగ్గా ఓ నర్సమ్మ మీదో, కాంట్రాక్టు మీద పనిచేసే ఆయా మీదో పడిపోతుంది. ఆమె ఎన్ని మంచాలు చూస్తోంది, ఆమెకు సబ్బు, గ్లౌజులు సరిపడా ఇచ్చారా అని అడిగేవాళ్లుండరు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ మేము అడిగేది ఇది. ఆస్పత్రిలో ఒకే రకం ఇన్ఫెక్షన్ ఇద్దరికి వచ్చినా సరే, మూడో మనిషి కోసం ఆగకుండా ఆ రోజే మైక్రోబయాలజీ డాక్టర్‌ను పిలవాలి. ఆ ఆస్పత్రితో సంబంధం లేని మనిషి విచారణలో ఉండాలి. సర్కారు ఆస్పత్రికైనా కార్పొరేట్ ఆస్పత్రికైనా ఇదే నియమం. ఆ రిపోర్టును సెక్రటేరియట్ బీరువాలో పెట్టకుండా తెలుగులో రాసి అదే ఆస్పత్రిలో ఓపీ చీటీలు ఇచ్చే కిటికీ పక్కన అతికించాలి: ఏ సీసా, ఏ సింకు, ఏ పరికరం, తర్వాత దాన్ని ఏం చేశారు. ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ సంతకం పెట్టేముందు రోగులు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు అది చదువుకుంటారు.