ధరలు దించింది పోటీ ఒక్కటే కాదు

ఉపగ్రహాల సిగ్నల్ అందుకుని మనం ఎక్కడున్నామో చెప్పే జీపీఎస్ రిసీవర్ల ధరలు పడిపోవడానికి కంపెనీల మధ్య పోటీయే కారణమని నేను చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. సగమే నిజం. 1989లో మాజెలాన్ అనే కంపెనీ తెచ్చిన చేతి రిసీవర్ ధర దాదాపు 3,000 డాలర్లు. అక్కడి నుంచి ధర దిగడంలో పెద్ద పాత్ర చిప్‌లది. వేర్వేరుగా ఉండే రేడియో భాగం, లెక్కలు కట్టే భాగం కలిసిపోయి గోరంత చిప్‌లో ఇమిడిపోయాయి. పైగా మామూలు జనానికి అందే ఉపగ్రహ సిగ్నల్‌లో కచ్చితత్వం తగ్గేలా కావాలని కలిపే తేడాను అమెరికా 2000 మేలో ఆపేయడంతో మామూలు రిసీవర్ కూడా కారుకి పనికొచ్చేంత కచ్చితంగా మారింది.

ఇక పోటీ విషయానికొస్తే, అసలు కథంతా మ్యాప్‌లో ఉంది. చిప్ ఎవరైనా కొనుక్కోవచ్చు, రోడ్ల డేటా మాత్రం ప్రధానంగా నావ్‌టెక్, టెలి అట్లాస్ అనే రెండు మ్యాప్ కంపెనీల చేతిలోనే ఉండేది. అందుకే 2008లో ఫోన్ల కంపెనీ నోకియా నావ్‌టెక్‌ను, కార్లలో దారి చూపే పరికరాలు చేసే టామ్‌టామ్ టెలి అట్లాస్‌ను అంతంత డబ్బు పోసి కొన్నాయి. నోకియా పెట్టింది సుమారు 810 కోట్ల డాలర్లు! ఏడాది తిరిగిందో లేదో, 2009 అక్టోబరులో గూగుల్ ఫోన్‌లో నావిగేషన్ ఉచితంగా ఇస్తామంది. అలాంటి పరికరాలే అమ్మే గార్మిన్, టామ్‌టామ్ షేర్లు ఢమాల్. ఊరికే ఇచ్చేవాడితో ఎవరు పోటీ పడతారు చెప్పండి? దీన్ని కూడా మామూలు ధరల పోటీ కిందే జమ కట్టేస్తే ఎలా?

గార్మిన్ నిలబడింది రేటు తగ్గించి కాదు. విమానాలు, పడవలు, వ్యాయామం చేసేవాళ్ల వాచీలు అంటూ ఫోన్‌తో పని జరగని చోట్లకు గట్టిగా విస్తరించింది. వ్యాసంలో ఆ ముక్క ఒక్కటీ లేదు.