మా ఆటల పీరియడ్ మాకివ్వండి

మళ్లీ ఆటల పీరియడ్ పోయింది. బూట్ల లేసులు కట్టుకుని గుమ్మం దాకా వెళ్లాం. లెక్కల సార్ వచ్చి, "కూర్చోండి, సిలబస్ మిగిలిపోయింది" అన్నారు. సిలబస్ మిగిలితే ప్రతిసారీ ఆటలే ఎందుకు పోవాలి? ఆటలకోసం లెక్కల పీరియడ్ ఎప్పుడైనా వదిలారా?

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున కనీసం 60 నిమిషాలు ఒంటికి ఓ మోస్తరు నుంచి గట్టి కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మాకు వారానికి రెండే పీరియడ్లు. ఒకటి ఇలా పోతుంది. రెండోదాంట్లో టీమ్‌లో ఉన్నవాళ్లే ఆడతారు, మిగతావాళ్లం గట్టు మీద కూర్చుని చూడాలి. అసలు ఆడనివ్వకపోతే ఆట ఎలా వస్తుంది?

సేవా కార్యక్రమాల సంగతి ఇంకా బాధ. మొక్కలు నాటించారు, బ్యానర్ పట్టించి ఫొటోలు తీశారు. అంతే! మర్నాడు నీళ్లు పోద్దామని నేనూ నా ఫ్రెండూ వెళ్తే, "ఇక్కడేం పని మీకు?" అని తిట్లు. రెండు వారాల్లో అన్నీ ఎండిపోయాయి. వాటిని చూస్తే ఏడుపొచ్చింది. నాటింది మా చేతులతోనే కదా!

నాటకంలో చేరతానంటే ఇంట్లో ఒకటే ప్రశ్న, "సర్టిఫికెట్ ఇస్తారా?" నాకు ఇష్టం. అది చాలదా?

పిల్లలకు ఆడుకునే హక్కుందని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో ఉంది. మా టైమ్‌టేబుల్‌లోనూ ఉంది. రేపు నాలుగో పీరియడ్, ఆటలు. బూట్లు తుడిచి పెట్టుకున్నాను.