సురభికి శాలువాలు చాలు, టికెట్లు కొనండి

1885లో మొదలైన సురభి నాటక సమాజానికి 140 ఏళ్లు నిండాయి. ఇలాంటి అంకె ఒకటి దొరికితే మన దగ్గర ఏం జరుగుతుందో నాటకాలు చూసేవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక బ్యానర్, దాని మీద నాయకుల ఫొటోలు పెద్దగా, కళాకారుల ఫొటోలు తపాలా బిళ్ల సైజులో. జ్యోతి ప్రజ్వలన. వేదిక నిండా కుర్చీలు. "ఈ కళను మనం కాపాడుకోవాలి" అని ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుంటారు. తర్వాత శాలువాలు, మెమెంటోలు, గ్రూప్ ఫొటో. ఇంకా టైం మిగిలితే నాటకం. ఆహ్వానపత్రిక అడుగున మాత్రం తప్పకుండా ఒక లైను ఉంటుంది: ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే.

నా గొడవంతా ఆ లైనుతోనే.

సురభి ఉచితంగా పుట్టలేదు, ఉచితంగా బతకలేదు. కడప జిల్లాలో సురభి అనే ఊళ్లో ఒక పెళ్లి సందర్భంగా వనారస గోవిందరావు బృందం 'కీచకవధ' ఆడిందనీ, ఆ ఊరి పేరే సమాజానికి వచ్చిందనీ అందరూ చెప్పుకునేదే. వీళ్లు అంతకుముందు తోలుబొమ్మలాట ఆడిన కుటుంబాలు. మూలాలు మహారాష్ట్రలో, ఇంట్లో మాట ఆరె మరాఠీ. అలాంటివాళ్లు తెలుగు పద్యం పట్టుకుని ఊరూరా తిరిగి తెలుగువాళ్ల దగ్గరే డబ్బులు వసూలు చేసి తరాలు తరాలు బతికారు. ఎంత ధైర్యం కావాలి దానికి! జమీందారుల దయ మీద కాదు, సర్కారు గ్రాంటు మీద కాదు, గేటు దగ్గర తెగిన టికెట్ మీద.

ఎలా బతికేవాళ్లో కొంచెం గుర్తు చేసుకుందాం. ఒక ఊరికి వచ్చేవాళ్లు. ఖాళీ స్థలం చూసుకుని రేకులతో, తడికెలతో, డేరాగుడ్డలతో తాత్కాలిక హాలు వేసుకునేవాళ్లు. దాని వెనకాలే కాపురాలు. పగలు వంటలు, తెరలకి రంగులు, పిల్లలకి పద్యాలు. రాత్రికి నాటకం. నిన్న వేసింది ఈరోజు వెయ్యరు. ఈరోజు రామాయణం, రేపు భారతం, ఎల్లుండి బ్రహ్మంగారు, ఆ తర్వాత బాలనాగమ్మ. వసూళ్లు బాగుంటే నెలలు నెలలు అక్కడే. పడిపోతే మూటాముల్లె సర్దుకుని పక్క ఊరికి. ఏ నాటకం ఆడాలో, ఏది మానెయ్యాలో ఏ కమిటీ నిర్ణయించలేదు, జనం నిర్ణయించారు. కుటుంబాలు పెరిగి, సమాజాలు చీలి, ఒక దశలో 30కి పైగా సురభి కంపెనీలు తిరిగాయంటే ఆ టికెట్ బలం ఎంతో ఆలోచించండి. ఇప్పుడు మిగిలినవి చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

సినిమా వచ్చి చంపేసింది అనేది మనం చెప్పుకునే సులువైన సమాధానం. అది చాలావరకు నిజమే. కానీ అదొక్కటే నిజమైతే మహారాష్ట్రలోనూ నాటకం చచ్చిపోవాలి కదా, మన దేశంలో సినిమా పుట్టిందే ముంబైలో! అక్కడ ఇవాళ్టికీ మరాఠీ పేపర్లో నాటకాల ప్రకటనలు వరుసగా వస్తాయి. ఏ హాల్లో ఎన్నింటికి, ఎవరెవరు నటిస్తున్నారు, టికెట్లు ఎక్కడ దొరుకుతాయి అన్నీ. ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ డబ్బులు పెట్టి వెళ్తారు. బెంగళూరులోని రంగశంకర నాటకశాల సంగతీ అంతే. 2004లో మొదలైంది. టైం అంటే టైం, ఆలస్యంగా వస్తే లోపలికి వదలరు. టికెట్ కొనాల్సిందే. మనం మాత్రం నాటకానికి పాస్ అడుగుతాం. పాస్ దొరికాక కూడా పక్కింటి ఫంక్షన్ ఉందని మానేస్తాం, ఎందుకంటే జేబులోంచి రూపాయి పోలేదు కాబట్టి.

ఉచితం చేసే నష్టం ముందు టైం దగ్గర కనబడుతుంది. ఒకసారి ఒక సన్మాన సభకి వెళ్లాను. ఊరు చెప్పను, నిర్వాహకుల పేరూ చెప్పను. ఆరున్నరకి నాటకం అన్నారు. ఉపన్యాసాలు అయ్యేసరికి తొమ్మిది దాటింది. మేకప్ వేసుకుని, కిరీటాలు పెట్టుకుని, ఆ ఉక్కలో పిల్లలతో సహా సాయంత్రం నుంచి తెర వెనక కూర్చున్న మనుషులకి అప్పుడు చెప్పారు, "ఘటోత్కచుడి సీను, ఆ బాణాల సీను వేసెయ్యండి చాలు, లేటయింది" అని. నేను పక్కనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. నాకు ఒళ్లు మండింది. వాళ్లు మాత్రం ఏమీ అనలేదు, సరేనన్నారు. అలవాటైపోయినట్టుంది. టికెట్ కొన్న జనం ఉంటే అలా జరుగుతుందా? ఆరు నలభైకి కుర్చీలు విరిగేవి.

అన్నట్టు, ఆ బాణాల సీను గురించి. సురభి అనగానే అందరికీ గుర్తొచ్చేవి ట్రిక్కులే. సన్నటి తీగల మీద అటునుంచి ఒక బాణం, ఇటునుంచి ఒక బాణం పరుగెత్తుకొచ్చి మధ్యలో ఢీకొని నిప్పురవ్వలు రాలడం. నారదుడు మబ్బుల్లోంచి దిగడం. లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లడం. అడవి తెర పైకి చుట్టుకుపోయేలోపే వెనకాల రాజసభ సిద్ధంగా ఉండటం. ఇవన్నీ అద్భుతాలే, కాదనను. కంప్యూటర్ లేకుండా, తాడు, కప్పీ, తీగ, మనుషుల చేతులు, వీటితోనే. పక్కతెరల చాటున నిలబడి తాడు లాగే మనిషి అరక్షణం ఆలస్యం చేస్తే బాణం గాల్లో వేలాడుతుంది, హాలంతా నవ్వుతుంది. అది జరగకుండా రోజూ చెయ్యడం చిన్న సంగతి కాదు.

కానీ మన పొగడ్త అక్కడే ఆగిపోయింది. ఇప్పుడైతే ఫోన్లు పైకెత్తి ముప్పై సెకన్ల రీల్ తీసుకుని, తర్వాతి సీన్లో శశిరేఖ పాడుతుంటే కిందికి తలదించుకుని అప్‌లోడ్ చేస్తూ కూర్చుంటున్నారు. ఆ అమ్మాయి పాట ఎవరు వింటున్నారు? స్త్రీ పాత్రలు మగవాళ్లే వేస్తున్న రోజుల్లో స్త్రీలని వేదిక మీదికి తెచ్చిన సమాజం ఇది. తొలి తెలుగు టాకీలో లీలావతిగా వేసిన కమలాబాయి ఆ కుటుంబం నుంచి వచ్చిందే. సురభి ఇంట్లో పుట్టిన ఆడపిల్ల చిన్నప్పుడు బాలకృష్ణుడు, బాలప్రహ్లాదుడు, కొంచెం పెద్దయ్యాక లవుడో కుశుడో, ఆ తర్వాత శశిరేఖ, ఇంకా తర్వాత యశోద. ఒకే మనిషి అవే నాటకాలని నాలుగు వయసుల్లోంచి చూస్తుంది. ఏ నటనాశాలలో దొరుకుతుందండీ ఈ శిక్షణ? దీని గురించి సన్మాన పత్రంలో ఒక్క వాక్యం ఉండదు. "నటనా వైదుష్యం", "కళామతల్లి ముద్దుబిడ్డ" మాత్రం ఉంటాయి.

ఇంకోటి. సురభి అంటే మాయాబజార్ మాత్రమే అనుకునేవాళ్లకి బి.వి. కారంత్ సంగతి తెలియాలి. కన్నడ దేశంలో సురభికి అక్క లాంటి నాటకాల కంపెనీ ఒకటుండేది, తర్వాత గుబ్బి వీరణ్ణ నడిపినది. 1884లో మొదలైంది, సురభి కంటే ఒక్క ఏడాది ముందు. చిన్నప్పుడు ఆ కంపెనీలో చేరి పెరిగిన కారంత్, దేశంలోనే పెద్ద దర్శకుడయ్యాక 1990ల్లో సురభి వాళ్ల దగ్గరికి వచ్చి పనిచేశాడు. 'భీష్మ', 'చండీప్రియ' చేయించాడు. జర్మన్ రచయిత బ్రెహ్ట్ నాటకాన్ని 'బస్తీ దేవత యాదమ్మ'గా వాళ్ల చేతే ఆడించాడు. తరతరాలుగా కిరీటాలు పెట్టుకున్న నటులు హైదరాబాద్ బస్తీ మనుషులైపోయారు. అంటే కొత్తవి చేతకాక వాళ్లు పాత నాటకాలు ఆడుతున్నారని కాదు. మనం అవే అడుగుతున్నాం కాబట్టి ఆడుతున్నారు. పిలిచినవాడు ఎప్పుడూ "మాయాబజార్ వెయ్యండి" అనే అంటాడు.

ఇక్కడ నేను సురభిని కూడా కొంచెం తిట్టుకోవాలి, తిట్టకపోతే ఈ పోస్ట్ కూడా ఇంకో శాలువా అయిపోతుంది. కీబోర్డు మోత తగ్గించండి. హార్మోనియం, తబలా ఉన్నచోట ఆ సినిమా బీజీఎం చప్పుడు ఎందుకు? పైనుంచి వేలాడే మైకుల కిందికి వచ్చి నిలబడి డైలాగ్ చెప్పడం వల్ల యుద్ధం చేస్తున్న ఇద్దరూ బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు కనిపిస్తారు. హాస్యం సీన్లు కొన్ని పాతబడిపోయాయి, ఆడవాళ్ల మీద వేసే ఆ జోకులకి ఇవాళ ఎవరూ నవ్వట్లేదు, తీసెయ్యండి. పద్యం మాత్రం కుదించకండి. రాగం తీస్తే జనం విసుక్కుంటారని భయపడుతున్నట్టున్నారు. విసుక్కునేవాడు ఎలాగూ ఫోన్ చూస్తాడు, వినేవాడి కోసం పాడండి.

ఇవన్నీ పైకి అనడానికి నాకు మొహమాటంగా ఉంది చూశారా, దానికి కారణం కూడా ఉచితమే. డబ్బు పెట్టి చూసినవాడు బాగాలేకపోతే బాగాలేదంటాడు, బాగుంటే పదిమందికి చెప్తాడు. ఊరికే చూసినవాడు "పాపం, ఈ రోజుల్లో కూడా ఎంత కష్టపడుతున్నారో" అంటాడు. ఆ పాపం అనే మాట వినీ వినీ ఏ నటుడికైనా పౌరుషం చచ్చిపోతుంది. సురభి నాటకాలు నడిపిన బాబ్జీగారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. చాలా సంతోషించాం, పేపర్లో ఫొటో చూసి మురిసిపోయాం. 2022లో ఆయన పోయారు, మళ్లీ ఫొటోలు పెట్టి బాధపడ్డాం. ఈ రెండింటి మధ్య ఆయన నాటకానికి సొంత డబ్బుతో టికెట్ కొని వెళ్లినవాళ్లు మనలో ఎంతమంది?

"పేదవాళ్లు చూడొద్దా?" అని అడిగేవాళ్లు ఉంటారు. ముందు ఒక్క విషయం, ఆ ఉచిత సభల్లో ముందు వరుసల్లో కూర్చునేది పేదవాళ్లు కాదు. సోఫాలు ఎవరికి వేస్తారో మీకూ తెలుసు. ఊరూరా తిరిగిన డేరా నాటకాన్ని కూలి పని చేసుకునేవాళ్లే కదా పోషించింది, తమకి అందే రేటు టికెట్ కొనుక్కుని! 30 రూపాయల టికెట్ కూడా ఉండాలి, 500 రూపాయలది కూడా ఉండాలి. ఒక స్టాండప్ కామెడీకి ఐదారు వందలు పెట్టి ఆన్‌లైన్లో బుక్ చేసుకునే మన ఐటీ పిల్లలకి, వాళ్ల కాలనీల పక్కనే, శేరిలింగంపల్లిలోనే సురభి కాలనీ ఉందని తెలీదు. తెలియజెప్పే పని ఎవరూ చెయ్యలేదు. పోస్టర్ కూడా కనబడకపోతే ఎలా వస్తారు?

ప్రభుత్వం తప్పుకోమని నేను అనడం లేదు. నాటక బృందాలకి కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే రెపర్టరీ గ్రాంటు లాంటివి లేకపోతే ఇవాళ ఈ సమాజాల్లో చాలామంది వేషం కట్టలేరు. పిల్లలు చదువుకుని ఉద్యోగాల్లోకి వెళ్తున్నారు, వెళ్లాలి కూడా. అమ్మానాన్నల్లాగా డేరా వెనక కాపురం చెయ్యమని చెప్పే హక్కు మనకెవరికీ లేదు. కానీ గ్రాంటు హాలు నిండిందా లేదా అని అడగదు. జనం వస్తే ఆ పిల్లల్లో కొందరైనా ఉద్యోగం చేసుకుంటూనే శని, ఆదివారాలు వేషం కడతారు. ఖాళీ కుర్చీల ముందు ఎవరు కడతారు?

అందుకని ఈ 140 ఏళ్ల పేరుతో ఎవరికైనా నిజంగా ఏదైనా చెయ్యాలని ఉంటే, సభ వద్దు, ఒక సీజన్ పెట్టండి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ లలితకళాతోరణంలో సురభి వాళ్లు వరుసగా ఆడిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అలాంటిదే రెండు నెలల పాటు, శుక్ర, శని, ఆదివారాలు. ప్రతి వారం కొత్త నాటకం. 'లవకుశ'తో మొదలుపెట్టండి, ఇంటిల్లిపాదీ వస్తారు. రెండో వారం 'వీరబ్రహ్మంగారి చరిత్ర'. మూడో వారం కచ్చితంగా 'బస్తీ దేవత యాదమ్మ', హాలు సగమే నిండినా సరే. కొత్త కుర్ర దర్శకులెవరికైనా ఒక వారం ఇచ్చెయ్యండి, చెడగొడితే చెడగొట్టనివ్వండి. మాయాబజార్‌ని చివరి వారానికి దాచుకోండి, దానికి టికెట్లు ఎలాగూ పోతాయి. ఒక ఆదివారం పొద్దున తెరలు తీసి, తాళ్లు, కప్పీలు పిల్లలకి చూపించండి, దానికి వేరే టికెట్ పెట్టండి. హైదరాబాద్‌లో అయ్యాక కడపకి, విజయవాడకి, వరంగల్‌కి తీసుకెళ్లండి. కడపలో మొదలైనవాళ్లు కడప జనానికి కనబడకపోతే ఇంకేం వార్షికోత్సవం?

మంత్రిగారు వస్తానంటే సంతోషం. రానివ్వండి. కౌంటర్ దగ్గర టికెట్ తీసుకుని, చీకట్లో అందరితో పాటు కూర్చోమనండి. మాట్లాడాలని ఉంటే ఇంటర్వెల్లో పల్లీలు తింటూ మాట్లాడొచ్చు, మైకు లేకుండా.

తానా, ఆటా సభలకి డబ్బులు పోగుచేసే అమెరికా తెలుగువాళ్లకి కూడా ఒక మాట. ఒక సినిమా హీరోయిన్‌ని విమానంలో తెప్పించే ఖర్చులో ఒక వారం నాటకం నడుస్తుంది. విరాళం ఇవ్వకండి. మీ ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకి, మేనల్లుళ్లకి సీజన్ టికెట్లు కొనివ్వండి చాలు.

ఎవరైనా ఇలాంటిది మొదలుపెడితే నాకు మెసేజ్ చెయ్యండి, మా ఇంటి మొత్తానికి ఇప్పుడే డబ్బులు పంపిస్తాను. సీట్లు మాత్రం మధ్యలో ఎక్కడో ఇవ్వండి, ముందు వరుస వద్దు. అక్కడ కూర్చుంటే తీగలు కనబడిపోతాయి.